వేటకు తీసుకెళ్లమన్న పిల్లలకు

గుంటూరు,
కార్తీక మాసం.

చిన్నోడికి, బుజ్జమ్మకి, విజయవాడలో మీ అపార్ట్‌మెంట్ గ్యాంగు మొత్తానికి తాతయ్య ఆశీస్సులు.

"తాతయ్యా, నన్ను వేటకు తీసుకెళ్తావా?" అని మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు. వెనకనుంచి వాళ్లమ్మ "వేటా గీటా ఏం లేదు, ముందు లెక్కలు చెయ్యి" అనడం కూడా నాకు వినిపించింది. ఫోన్లో చెబితే సగమే వింటారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తీసుకెళ్తానురా. అయితే తుపాకీ ఉండదు. ఆ మాట వినగానే మొహం మాడ్చుకోకుండా చివరిదాకా చదువు.

వేటలో అసలు పనంతా తుపాకీ పేలకముందే అయిపోతుంది. జంతువు ఏ దారిన వెళ్లిందో కనిపెట్టాలి, ఏ వేళకు నీళ్లకు వస్తుందో తెలుసుకోవాలి, దానికి తెలియకుండా దగ్గరికి చేరాలి, చేరాక కదలకుండా కూర్చోవాలి. పేల్చడం ఒక్క క్షణం పని. ఆ ఒక్క క్షణం తీసేస్తే మిగిలిన వేటంతా ఇప్పటికీ మనదే. అది కూడా ఏ ఆఫ్రికాకో పోనక్కర్లేకుండా, మన కాలువ గట్ల మీదే దొరుకుతుంది.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నెమలి, జింక, కుందేలు, ఉడుము, అడవి కౌజు, వీటిలో దేన్నీ వేటాడకూడదు. ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జీవాల జాబితా, అంటే మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువును చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఉడుము మాంసం తింటే నడుం గట్టిపడుతుందని చెప్పేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల నడుముల్ని నేను చూశాను, అందరి నడుముల్లాగే ఉన్నాయి. మీ పై ఫ్లాటు వాళ్లు రామచిలుకను పంజరంలో పెట్టారని బుజ్జమ్మ చెప్పింది కదా, అది కూడా నేరమే. పైగా రామచిలుక మన రాష్ట్ర పక్షి. నువ్వు వెళ్లి వాళ్లతో గొడవ పెట్టుకోకు, మీ నాన్నతో చెప్పించు.

పూర్వం జమీందార్లూ దొరలూ వేటాడలేదా అంటావు. ఆడారు. దాని ఫలితమూ చూశాం. చీతాలు ఒకప్పుడు మన దేశంలో ఉండేవి. చివరి మూడింటిని 1947లో ఒకే రాత్రి కాల్చేశారు. 1952లో ఇక లేవని ప్రభుత్వం ప్రకటించింది. మళ్లీ చీతాను చూడాలంటే 2022లో నమీబియా నుంచి విమానంలో తెచ్చుకోవాల్సి వచ్చింది.

అలాగని వేటగాడి విద్యను నేను తక్కువ చేయను. కలివికోడి కథ మీకు తెలియాలి. కడప జిల్లా చిట్టడవుల్లో తిరిగే చిన్న పక్షి అది. పగలు పొదల్లో నక్కి, రాత్రి బయటికి వస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. శాస్త్రవేత్తలు వెతికి వెతికి, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో సిద్ధవటం దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్లపాటు పుస్తకాలు తెలిసినవాళ్లకు దొరకనిది, రాత్రిపూట అడవిలో నడవడం తెలిసినవాడికి దొరికింది. దాని కోసమే అక్కడ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. నేను మీకు నేర్పాలనుకునేది ఆ నడకే.

నా ఉద్యోగమంతా కాలువ గట్ల మీదే గడిచిందని మీకు తెలుసు. అప్పట్లో మా దగ్గర లస్కరుగా, అంటే కాలువ కాపలా మనిషిగా పనిచేసిన ఒక యానాది పెద్దాయన ఉండేవాడు. వరి కోతలయ్యాక పొలంగట్టు చూసి, ఏ బొక్కలో ఎలుక ఉందో, ఏది ఖాళీదో నిలబడిన చోటు నుంచే చెప్పేవాడు. కుండలో గడ్డి వేసి నిప్పంటించి, బొక్కకు ఆనించి పొగ ఊదితే రెండో బొక్కలోంచి ఎలుకలు బయటికి వచ్చేవి. తవ్వితే లోపల అవి దాచుకున్న వరికంకులు గంపల కొద్దీ ఉండేవి. రైతుకు పంట నష్టం తగ్గేది, ఆయనకు ఎలుకలూ ఆ ధాన్యమూ దక్కేవి. ఎలా తెలుస్తుంది బాబాయ్ అని అడిగితే, "బొక్క ముందర మట్టి చూడు, సాలెగూడు ఉందా లేదా చూడు" అనేవాడు. సాలెగూడు ఉంటే ఎవరూ లోపలికి పోయి రాలేదని అర్థం. ఇంత చిన్న సంగతి చదువుకున్న మాకు తట్టలేదు.

మీరూ అక్కడినుంచే మొదలుపెట్టండి. పొద్దున్నే కాలువ గట్టు మీద, తడి మట్టి ఉన్నచోట కిందికి చూస్తూ నడవండి. కుక్క అడుగులో గోళ్ల గుర్తులు పడతాయి. పిల్లి జాతివాటికి పడవు, నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. పాము పాకిన గీత, ముంగిస అడుగులు, కొంగ మూడు వేళ్లు, ఇవన్నీ రాత్రి ఎవరెవరు వచ్చి వెళ్లారో చెప్పే రిజిస్టరు. కృష్ణలో నీటికుక్కలున్నాయి. హంసలదీవి వైపు మడ అడవుల్లో చేపల్ని పట్టి తినే బావురుపిల్లి ఉంది. వాటిని నేరుగా చూడటానికి అదృష్టం కావాలి, అడుగులు చూడటానికి పెందలాడే లేస్తే చాలు.

ఇక నడక. పది అడుగులు వేయండి, ఆగండి, వినండి, మళ్లీ పది అడుగులు. ఎర్రచొక్కా, తళతళలాడే షూస్ వద్దు, పాతబడిన ఖాకీయో ఆకుపచ్చో వేసుకోండి. జంతువు కోసమైతే గాలికి ఎదురుగా నడవాలి, మీ వాసన దానివైపు పోకూడదు. పిట్టలకు వాసనతో అంత పేచీ లేదు గానీ వాటి చూపు మనకంటే చాలా పదును. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి, లేకపోతే ప్రతి పిట్టా మీకు కాకిలాగే కనిపిస్తుంది. చెట్టుకు ఆనుకుని పావుగంట కూర్చుంటే చుట్టుపక్కలవాళ్లు మిమ్మల్ని మర్చిపోతారు. ఆ పావుగంటే మీ వయసుకు కష్టం. సెల్‌ఫోన్ నా చేతికిచ్చి కూర్చోండి.

వేటగాళ్లు తిట్టుకునే పిట్ట ఒకటుంది, తీతువు. బీడు భూముల్లో, చెరువు అంచున నేలమీదే గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాగే ఉంటాయి, కాలు కింద పడేదాకా తెలియదు. అందుకే మనిషి దూరాన కనిపించగానే గొంతు చించుకుని అరుస్తుంది. ఆ అరుపుకు చుట్టూ ఉన్న జీవాలన్నీ అలర్ట్ అయిపోతాయి. తీతువు అరిస్తే కీడు అంటారు. కీడు ఎవరికంటే వేటగాడికే, దొరకాల్సిన జంతువు కాస్తా తప్పించుకుంటుంది. అది మీ నెత్తిమీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. వెనక్కి తిరిగి వచ్చిన దారినే వెళ్లిపోండి.

పసుల పోలిగాడిని కూడా చూడండి. గేదె వీపు మీద కూర్చుని సవారీ చేసే నల్లపిట్ట, తోక చివర రెండుగా చీలి ఉంటుంది. గేదె నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగుల్ని గాల్లోనే పట్టేస్తుంది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన గద్దను తరిమి తరిమి కొడుతుంది. గువ్వలు, పిగిలిపిట్టలు దాని గూడున్న చెట్టు మీదే గూళ్లు పెట్టుకుంటాయి, కాపలా ఖర్చు లేకుండా. నాకైతే నెమలి కంటే వీడే ఇష్టం.

పెద్దగా కనిపించేవి చూడాలంటే ఉప్పలపాడు పోదాం. గుంటూరు నుంచి పది కిలోమీటర్ల లోపే. ఊరి చెరువులో తుమ్మచెట్లు, ఆ చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు. చూసేందుకు టవరు కూడా ఉంది. వీటిని సైబీరియా పక్షులని అందరూ అంటారు, మీ మాస్టారు కూడా అని ఉంటారు. వీటిలో ఎక్కువ భాగం మన దేశంవే, మన దక్షిణాదివే. గూళ్లు కట్టి పిల్లల్ని చేసేది కూడా ఇక్కడే. చలికాలం గడపడానికి దూరదేశాల నుంచి వచ్చేవీ ఉన్నాయి. జొన్న చేల మీద గుంపులుగా దిగే గులాబీ గోరింకలు అలాంటివి. అయితే చలికి పారిపోయి వచ్చిన పక్షి ఇక్కడ గూడు కట్టదు. గూడు కడుతోందంటే ఇది దాని పుట్టిల్లు. ఎవరైనా సైబీరియా అంటే ఈ ఒక్క సంగతి అడగండి.

ఆ ఊరివాళ్లను మాత్రం మెచ్చుకోవాలి. వందల పక్షులు కాపురం ఉండే చెరువంటే వాసన ఎలా ఉంటుందో ఊహించండి. ఆ వాసనను, రెట్టలను, రాత్రి పగలు అరుపులను భరిస్తూ వాటిని కాపాడుకుంటున్నారు.

అక్కడ ఎర్రకాళ్ల కొంగ తినే తీరు చూడండి. ముక్కు కొంచెం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగిలిన క్షణంలో ముక్కు మూసుకుంటుంది. బురదనీళ్లలో కళ్లతో పనిలేదు కదా. నత్తగుల్ల కొంగకు ముక్కు మధ్యలో సందు ఉంటుంది, నత్తల్ని పట్టడానికి పనికొస్తుంది. దాని పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతులోకి తల మొత్తం దూర్చి తింటుంది. బుజ్జమ్మా, నీకు ముద్దలు కలిపి పెట్టాలని గొడవ చేస్తావే, దీన్ని చూశాక మాట్లాడదాం.

బైనాక్యులర్ కొంటామంటే 8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉన్నది కొనండి. ఎక్కువ రెట్లది కొంటే చేతి వణుకు కూడా అన్నిరెట్లు పెరిగి బొమ్మ ఆగదు. కూతను బట్టి పిట్టపేరు చెప్పే మెర్లిన్ అనే ఉచిత యాప్ ఉంది, అది ఫోన్లో పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ముందు మీ ఊహ నోటుబుక్కులో రాసి, తర్వాతే యాప్ చూడాలి.

ఏదైనా పట్టుకుంటే గానీ చిన్నోడికి తృప్తి ఉండదని తెలుసు. వాడికి గాలం ఉంది. వెదురు కర్ర, దారం, కొక్కెం, కొంచెం పైన సీసం గుండు, నీళ్లపైన తేలడానికి జీలుగు బెండు. ఎరకు వానపాములు, లేదా గోధుమపిండి ముద్ద. బెండు వణికితే లాగకూడదు, అది చేప రుచి చూడటం. బెండు మునిగినప్పుడు లాగాలి. జెల్ల పడితే చేత్తో గబుక్కున పట్టుకోవద్దు, రెక్కల దగ్గర ముల్లు గుచ్చిందంటే సాయంత్రం దాకా సలుపుతుంది. తువ్వాలు వేసి పట్టుకోవాలి. తినేంత ఉన్నవే ఉంచుకుని, వేలెడంతవి నీళ్లలో వదిలేయాలి. నీళ్లమీద ఎర్రటి చిన్న చేపపిల్లలు గుంపుగా సుడి తిరుగుతూ కనిపిస్తే అక్కడ గాలం వేయొద్దు. కింద కొరమీను తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దాన్ని పట్టేస్తే ఆ గుంపు మొత్తం మిగతా చేపలకు ఫలహారమే. పక్షుల చెరువులోనూ, ఎవరైనా పాటకు పాడుకున్న చేపల చెరువులోనూ గాలం వేయకూడదు. లాకుల దగ్గరికి అసలు పోకూడదు. పైన ప్రశాంతంగా కనిపించే కాలువ అక్కడ కింద గిర్రున లాగేస్తుంది. గాలం పట్టినవాళ్ల కాళ్లు గట్టు మీదే ఉండాలి, ఇది బేరం లేని రూలు.

తిండి సంగతి మీ నానమ్మ చూసుకుంటుంది. కార్తీకం కాబట్టి ఎవరిదైనా మామిడితోటలో ఉసిరిచెట్టు కింద పులిహోర, గోంగూర పచ్చడి, పెరుగన్నం. చేపలు పడితే అవి ఇంటికి వచ్చాకే. కార్తీక సోమవారం దగ్గర్లో చేపల మాట ఎత్తితే మనిద్దరికీ అన్నం ఉండదు.

రాత్రి డాబా మీద పడుకుందాం. కింద చాప వేసుకుంటామని పేచీ పెట్టకండి. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందికి దోపాలి. కట్లపాము రాత్రిళ్లు నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, కరిచినట్టు నొప్పి కూడా పెద్దగా తెలియదు. దోమతెర దోమలకే కాదు, దానికీ అడ్డమే. చీకట్లో టార్చి లేకుండా అడుగు తీయొద్దు. ఎప్పుడైనా ఎవరినైనా పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం, ఏవీ వద్దు. కాలు కదపనివ్వకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి. మందు అక్కడ ఉంటుంది. అయితే జెర్రిగొడ్డు, నీరుకట్టు కనిపించినంత మాత్రాన కర్ర తీసుకోకండి. వాటికి విషం లేదు. ఎలుకలు పట్టడంలో మా లస్కరు బాబాయి తర్వాత జెర్రిగొడ్డే.

వేసవిలో రమ్మంటే మాత్రం నేను రాను. రోహిణి కార్తెలో మన ఊళ్లో మధ్యాహ్నం బయట తిరిగేది తిక్కవాళ్లే. మళ్లీ తొలకరి పడ్డాక రండి, ఇసుకనేలల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు చూపిస్తాను. అదే వానలకు తాటిచెట్ల మీద గిజిగాళ్లు గూళ్లు మొదలుపెడతాయి. మగపిట్ట సగం అల్లి ఆపి పిలుస్తుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే మిగతాది పూర్తవుతుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్లు ఎన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టే పని బుజ్జమ్మది.

వచ్చే ఆదివారం తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కండి. గుంటూరు బస్టాండులో నేను ఆటోతో ఉంటాను. కెమెరా తెస్తే ఫ్లాష్ ఆపి తెండి. పాత చెప్పులు, టోపీ, నీళ్లసీసా, ఒక నోటుబుక్కు. చిప్స్ ప్యాకెట్లు తేవొద్దు, ఆ కవరు చప్పుడుకు టవరు మీద నా పరువు పోతుంది. మీ అమ్మ లెక్కల సంగతి అడిగితే, గూళ్లు లెక్కపెట్టిస్తానని నా మాటగా చెప్పండి.

మీ తాతయ్య