ఊరి తిండిపై ఊరివాళ్ల పరిశోధన: అపోహలు, వాస్తవాలు

ఊళ్లో ఏం పండుతోంది, అందులో ఎంత ఆ ఊరివాళ్ల కంచాల్లోకి వస్తోంది, నేలా నీళ్లూ పాడవకుండా ఇది ఎన్నాళ్లు నడుస్తుంది. మా పనంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే. ఎక్కువగా సంగారెడ్డి జిల్లా మెట్ట ఊళ్లలో తిరుగుతుంటాం. కాగితాల మీద దీన్ని ‘కమ్యూనిటీ రీసెర్చ్’ అని రాస్తారు. యూనివర్సిటీవాళ్లకు ఇది సగం శాస్త్రంలా, వ్యవసాయ శాఖవాళ్లకు ఉద్యమంలా, ఎన్జీవోల్లో కొత్తగా చేరిన పిల్లలకు సర్వేలా కనిపిస్తుంది. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫారం తెలుగులో ఉండి, ఊరి పిల్లలే నింపితే అది సంఘం చేసిన పరిశోధనే

అది సర్వే. మంచి సర్వే కూడా కావచ్చు. కానీ ప్రశ్న ఎవరు వేశారు, దేన్ని లెక్కలోకి తీసుకోవాలో ఎవరు తేల్చారు, లెక్క తేలాక ఏం చేయాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నది చూడాలి. ఈ మూడూ హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో అయిపోతే, ఊళ్లో జరిగేది గింజలు ఏరడమే.

నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ జహీరాబాద్ ప్రాంతానిదే. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచి పనిచేస్తోంది. దాని ప్రాణం ఊరూరా ఉన్న మహిళా సంఘాలు, అందులోనూ ఎక్కువగా దళిత మహిళలవి. చేతిలో చెక్కా ముక్కా భూమి ఉన్నా అది బీడుగా పడి ఉండటం, వానాకాలంలో ఇంట్లో గింజలు అయిపోయి నాగుకు (వడ్డీ కూడా గింజల్లోనే కట్టే అప్పుకు) తెచ్చుకోవడం వాళ్ల సమస్యలు. 1990ల మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ నిధులతో ఈ సంఘాలు రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమిని సాగులోకి తెచ్చాయి. సాయం తీసుకున్న రైతు బాకీని డబ్బుతో కాదు, జొన్నలతో కొన్నేళ్ల పాటు తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉంటాయి, ఆకలి నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు వెళ్తాయి.

మరి పేద ఇల్లు ఏది? ఇక్కడే పరిశోధన ఉంది. ప్రభుత్వ జాబితా పక్కన పెట్టి, ఊరివాళ్లే నేల మీద ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం వేశారు. ప్రతి ఇంటినీ గుర్తించి, పేదరికాన్ని బట్టి ఐదు మెట్లుగా విడగొట్టారు. ఎక్కువ పేదవాళ్లకు ఎక్కువ జొన్నలు. అందరి ముందూ జరిగిన పని కాబట్టి దొంగ పేరు ఎక్కించడం కష్టం. ఇలాంటి పటం దగ్గర కూర్చుంటే తెలుస్తుంది, జనం పేదరికాన్ని ఎకరాలతో మాత్రమే కొలవరు. ఇంట్లో పనికి వెళ్లే చేతులెన్ని, మొగుడు వదిలేసిన మనిషా, మంచాన పడ్డవాళ్లున్నారా, ఎద్దులున్నాయా అని చూస్తారు. ఏ శాఖ ఫారంలోనైనా ఇవన్నీ ఒక్కచోట దొరుకుతాయా?

అపోహ: చదువురాని వాళ్లు ఇచ్చే లెక్కల్లో శాస్త్రం ఉండదు

ఈ మాట నాకు చిరాకు తెప్పిస్తుంది. అందుకే కాస్త ఎక్కువే చెప్తాను.

తిండి సర్వేల్లో మామూలుగా అడిగే ప్రశ్న, ‘నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారు?’ దానికి వచ్చే జవాబు, ‘ఏముంది సార్, అన్నం, పప్పు.’ ఆ మనిషి నిన్న కలుపు తీస్తూ ఒడిలో వేసుకొచ్చిన గంగవావిలి కూర పప్పులో పడి ఉంటుంది. చేలో పచ్చి కందికాయలు నమిలి ఉంటుంది. దారిలో రేగుపళ్లు తిని ఉంటుంది. అవి తిండిగా చెప్పాలని ఆమెకు తోచదు. కొన్నిసార్లు చెప్పడానికి నామోషీ కూడా, ఎందుకంటే కొనుక్కోని కూర లేనివాళ్ల కూర అన్న పేరుంది.

ఎవరూ విత్తకుండా చేలల్లో వాటంతట అవే మొలిచే ఆకుకూరలు ఈ ప్రాంతంలో పదుల సంఖ్యలో ఉన్నాయి. చెంచలి, దొగ్గలి, తుమ్మి, గునుగు, పొన్నగంటి, అటికమామిడి... వ్యవసాయ పుస్తకంలో వీటిలో చాలావాటి పేరు ‘కలుపు’. ఏ కూర ఏ కార్తెలో వస్తుంది, ఎర్ర చెలకలో వచ్చేదేది, నల్లరేగడిలో వచ్చేదేది, బాలింతకు పెట్టేదేది అన్నది చెప్పగలిగేవాళ్లు అక్కడి ఆడవాళ్లే. వాళ్లను అడిగి నెలల వారీ పట్టిక వేస్తే తప్ప ఆ తిండి ఏ లెక్కలోకీ రాదు.

అంతర్జాతీయంగా వాడే కొలత ఒకటుంది. 2016లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తెచ్చిన పద్ధతిలో ఆహారాన్ని 10 గుంపులుగా చేశారు. ముందురోజు పగలూ రాత్రీ కలిపి అందులో కనీసం ఐదు గుంపులు తింటే మహిళ ఆహారంలో తగినంత వైవిధ్యం ఉండే అవకాశం ఎక్కువని లెక్క. ముదురాకుపచ్చ ఆకుకూరలన్నీ కలిపి అందులో ఒకే గుంపు. ఏడాదిలో ఇరవై రకాల కూరలు మార్చి మార్చి తినే మనిషికీ, వారం వారం సంతలో పాలకూర కొనే మనిషికీ ఆ గడిలో ఒకటే మార్కు. దేశాలను పోల్చడానికి చేసిన కొలత అది, తప్పేం లేదు. కానీ పత్తిచేలో కలుపుమందు కొట్టడం మొదలయ్యాక ఒక ఊరి తిండిలోంచి ఏం పోయిందో ఆ కొలత చెప్పలేదు. ఆ మార్పును ముందు చెప్పేది కూర ఏరుకొచ్చే ఆమె.

ఇంకో పక్క కూడా చెప్పాలి. జనం చెప్పిందల్లా నిజం అనుకోవడమూ శాస్త్రం కాదు. దిగుబడి ఎంతంటే గుర్తున్న మంచి ఏడాదిది చెప్తారు. పదిమందిలో అప్పుల గురించి నోరు విప్పరు. ఒక ఇంట్లో మానిక, పక్క ఇంటి మానిక ఒకే కొలత అని నమ్మకూడదు. అందుకే పటం వేశాక చేలల్లో నడుస్తాం, ఇంటి కొలపాత్రను తూకం వేస్తాం, ఒకే ప్రశ్నను వేరే గుంపుతో మళ్లీ అడుగుతాం. మంచి పరిశోధన ఎక్కడైనా ఇలాగే జరుగుతుంది.

అపోహ: పెద్ద విధానాల మీద చిన్న రైతులకు ఏం తెలుస్తుంది?

2001 జూన్‌లో జహీరాబాద్ దగ్గర అల్గోల్ గ్రామంలో ‘ప్రజాతీర్పు’ జరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విజన్ 2020 పత్రం, వ్యవసాయం మీద బతికేవాళ్ల వాటాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని చూసింది. ఆ భవిష్యత్తు ఎవరి బతుకులను మారుస్తుందో వాళ్లనే జ్యూరీగా కూర్చోబెట్టారు. ఎక్కువమంది చిన్న, సన్నకారు రైతులు, అందులోనూ మహిళలే ఎక్కువ. వాళ్ల ముందు మూడు దారులు పెట్టారు. ఒకటి విజన్ 2020. రెండోది ఎగుమతుల కోసం సేంద్రియ సాగు. మూడోది స్థానిక తిండి, స్థానిక సాగు. నిపుణులను సాక్షులుగా పిలిపించారు, జ్యూరీ వాళ్లను ప్రశ్నలడిగింది. చివరకు జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సాగు, కూలి పోగొట్టే యంత్రాలు, చిన్న కమతాలను కలిపేయడం వద్దని, తిండి విషయంలో ఊరి పట్టు ఊరికే ఉండాలని చెప్పింది.

నివేదిక వచ్చాక 2002లో పెద్ద గొడవే అయింది. జ్యూరీ ఎంపిక అందరికీ ప్రాతినిధ్యం వహించేలా లేదని, అప్పట్లో రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటన్ అభివృద్ధి శాఖ వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. ఆ ప్రశ్న అడగదగ్గదే. అయితే విజన్ 2020 రాసినవాళ్లలో మెట్ట రైతులెందరు అని అడగడం కూడా అంతే న్యాయం.

అపోహ: దగ్గర్లో పండింది తింటే పర్యావరణానికి మేలే

మా వాళ్లే ఎక్కువగా నమ్మే అపోహ ఇది. 2008లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం అక్కడి ఇళ్ల తిండి మొత్తాన్ని తీసుకుని లెక్క కట్టింది. తిండి వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా మొత్తం కలిపి 11 శాతం, ఉత్పత్తి దశదే 83 శాతం. అక్కడి అంకెలు మనకు యథాతథంగా వర్తించవు, కానీ ఎటు చూడాలో చెప్తాయి.

మన దగ్గర ఇంకా తేలిక. యాసంగిలో బోరు నీళ్లతో మెట్ట భూమిలో పండించిన వరి, ఆ ఊళ్లోనే మరాడించి ఆ ఊళ్లోనే తిన్నా, అది ఎన్నాళ్లో నడిచే తిండి కాదు. కరెంటు బిల్లు రాదు కాబట్టి నీళ్ల ఖర్చు కనిపించదు, అంతే. బోర్లు ఎండినప్పుడు కనిపిస్తుంది. దానికి భిన్నంగా, నల్లరేగడిలో వాన పదునుతో, మంచుతో పండే శనగ, కుసుమ, అవిసె లాంటివాటిని జహీరాబాద్ వైపు ‘సత్యం పంటలు’ అంటారు. బయటి నుంచి నీళ్లు అడగవు. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, ఏ నీళ్లతో, ఏ ఎరువుతో అని అడగండి.

అపోహ: చిరుధాన్యాలపై అవగాహన కల్పిస్తే చాలు, జనం మళ్లీ తింటారు

రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మరపట్టిన బియ్యంలో ఏడెనిమిదే. ఈ అంకె బ్యానర్ మీద రాసి ఊళ్లో కట్టడం వల్ల ఎవరూ బియ్యం మానరు. జొన్నలు, కొర్రలు మంచివని ఊళ్లో ముసలమ్మకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆమె ఎందుకు మానిందో అడగాలి.

అడిగితే వచ్చే జవాబులు దాదాపు ఇవే. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకం, కాదనలేం. కానీ పండించిన జొన్న కంటే కొనే బియ్యం చవకయ్యాక చేలో జొన్న ఎందుకు? 2013 ఆహార భద్రత చట్టం చిరుధాన్యాలను కూడా రేషన్‌లో చేర్చి కిలో రూపాయిగా రాసింది, కానీ మన డీలర్ దగ్గర కనిపించేది బియ్యమే. ఇక దంపుడు. కొర్రలు, సామలు పొట్టు తీయడం రోట్లో ఆడవాళ్ల రెక్కలు విరిచే పని. దగ్గర్లో మిషన్ లేకపోతే ఆ పంట ఇంటికి తిండిగా రాదు, బస్తాగా మార్కెట్‌కు పోతుంది. పిట్టల బెడద ఇంకోటి. చుట్టూ పత్తి వేసి నువ్వొక్కడివే సజ్జ వేస్తే పిట్టలన్నీ నీ చేలోనే.

2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపారు. నగరంలో కొర్రల ధర చూస్తే పండించినవాళ్లు అమ్ముకోవడమే లాభం. అమ్ముకుని రేషన్ బియ్యం తింటారు. నగరం ఆరోగ్యం బాగుపడొచ్చు. దాన్ని స్థానిక ఆహార వ్యవస్థ అని పిలవడం మాత్రం నాకు ఒప్పదు.

అపోహ: ఊరివాళ్లంతా ఇలా అనుకుంటున్నారు

ఊరంతా ఒకేలా ఎప్పుడూ అనుకోదు. మీటింగ్ గుడి ముందు పెడితే కొందరు రారు, పంచాయతీ ఆఫీసులో పెడితే ఆడవాళ్లు వెనక నిలబడతారు, పొద్దున పెడితే కూలికి వెళ్లేవాళ్లు ఉండరు. బోరున్న రైతుకు నీళ్ల కరువు ఒకటి, కౌలు రైతుకు మరొకటి. విడివిడిగా కూర్చోబెట్టి, తర్వాత కలిపి, తేడా వచ్చినచోట ఆ తేడాను అలాగే రాయాలి. సగటు తీస్తే బలమైనవాడి మాటే మిగులుతుంది.

అపోహ: ఇది తక్కువ ఖర్చులో, త్వరగా అయిపోతుంది

పునాస (వానాకాలం తొలి పంట) నుంచి యాసంగి కోతల దాకా చూడకుండా ఊరి తిండి గురించి ఏదీ రాయకండి. రోజంతా కూర్చున్న ఆమెకు ఆ రోజు కూలి ఇవ్వండి. టీ, బిస్కెట్లు కూలి కాదు.

అపోహ: రిజిస్టర్‌లో రాసుకుంటే పాత విత్తనాలు, జ్ఞానం భద్రం

2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ కమిటీ ఉండాలి, ప్రజలతో మాట్లాడి జీవవైవిధ్య రిజిస్టర్ తయారుచేయాలి. ఆలోచన గొప్పది. గడువు ముంచుకొచ్చినప్పుడు హడావిడిగా నింపిన రిజిస్టర్లలో పక్క మండలం పట్టికే దిగడం కూడా మామూలే. రాసిన జాబితా మొలకెత్తదు. విత్తనం బతకాలంటే ఏటా కాకపోయినా రెండేళ్లకోసారైనా ఎవరో ఒకరు నేలలో వేయాలి. వేపాకు, బూడిద కలిపి పేడ అలికిన బుట్టల్లో దాచి, అడిగినవాళ్లకు ఇచ్చి, పండాక ఎక్కువగా తిరిగి తీసుకునే సంఘం విత్తన బ్యాంకు ఆ పని చేస్తుంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా రైతు విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోవచ్చు అంటుంది. ఈ మాట ఊళ్లో చెప్పాకే విత్తనాల వివరాలు అడగాలి, ఏది బయటకు చెప్పొద్దంటారో అది రాయకూడదు.

అపోహ: రిపోర్టు అచ్చయితే పని అయిపోయినట్టే

జహీరాబాద్ దగ్గర మాచనూరులో ఆ సంఘాల మహిళలే 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలుపెట్టారు. స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో దేశంలో వచ్చిన తొలి కమ్యూనిటీ రేడియో అది. విత్తనాల మాట, వంటల మాట ఆడవాళ్లే వాళ్ల యాసలో చెప్పి వినిపించారు. అంతకుముందే సంఘం మహిళలు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చదవలేని ఊరికి ఫలితాన్ని తిరిగి ఇవ్వడం ఇలా కూడా అవుతుంది.

రేడియో లేనివాళ్లు కనీసం ఇది చేయండి. రిపోర్టు ప్రింట్‌కు పంపకముందే ఊళ్లో రాత్రి అన్నాలయ్యాక ఒక మీటింగ్ పెట్టి, అంకెలన్నీ గట్టిగా చదివి వినిపించండి. ‘ఇంత కందులు మా ఊళ్లో ఎప్పుడు పండినయ్ సార్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు దిద్దుకోవడానికి ఇంకా టైం ఉంటుంది. ఆ మీటింగ్‌కు, దిద్దుబాటుకు అయ్యే ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి, తర్వాత అడిగితే ఏ దాతా ఇవ్వడు.