సూది బెజ్జం, చుక్కల ముగ్గు

"మా అబ్బాయి కొత్త ఫోన్‌లో 200 మెగాపిక్సెళ్లట. నా పాత ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 24. అయినా నా ఫోటోయే తేటగా ఉంటుందంటాను, వాడు ఒప్పుకోడు. ఎవరిది రైటు?" అని ఒక పాఠకుడు అడిగారు. తండ్రీకొడుకుల తగవులో దూరడం నాకు ఇష్టం లేదు. కానీ ఆ ప్రశ్న పుణ్యమా అని మా వంటింట్లో అల్యూమినియం ఫాయిల్ చుట్ట సగం ఖాళీ అయింది.

కెమెరాకి లెన్సు తీసేశాను. బాడీ మూత (లెన్సు చోట బిగించే మూత) మధ్యలో వేలు పట్టేంత కన్నం చేసి, దానిమీద ఫాయిల్ ముక్క అంటించి, ఫాయిల్‌కి బెజ్జం పెట్టాను. లెన్సు లేని కెమెరా అన్నమాట. ఎదురుగా వీధికి అవతలి ఇంటి కిటికీ, బెత్తెడేసి దూరంలో ఊచలు. మొదట దబ్బనంతో పొడిచాను, దాదాపు 2 మిల్లీమీటర్ల బెజ్జం. ఫోటోలో కిటికీయే లేదు, ఏదో తెల్లటి మరక. ఫాయిల్ మార్చి సన్న సూదితో కొంచెంగా గుచ్చాను. 0.3 మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఊచలు లెక్కపెట్టగలిగాను! మరింత చిన్న బెజ్జమైతే మరింత బాగుండాలి కదా? మూడో ఫాయిల్‌కి సూదిమొన అలా తాకించి తీసేశాను. వెలుతురు చాలదు కాబట్టి స్టాండు మీద పెట్టి చాలాసేపు షట్టర్ తెరిచి ఉంచాను. వచ్చింది చూస్తే ఊచలు మళ్లీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఈ 'మళ్లీ' దగ్గరే నేను వారం రోజులు ఆగిపోయాను.

మొదటి మసక అర్థం చేసుకోవడం తేలిక. పెద్ద బెజ్జంలోంచి ఊచ మీది ఒక్కో బిందువు నుంచి వచ్చే వెలుగు అంత వెడల్పు మచ్చగా పడుతుంది. బెజ్జం తగ్గితే మచ్చ తగ్గుతుంది. హంపి విరూపాక్షాలయంలో వెనకవైపు ఒక గదిలో, గోడ మీద రాజగోపురం తలకిందులుగా కనబడుతుంది. గోడలో ఉన్న చిన్న కంతే అక్కడి లెన్సు. మహిమ అని చెప్పి దణ్ణం పెట్టించేవాళ్లూ ఉన్నారు. పెట్టండి, తప్పులేదు. కాకపోతే అదే మహిమ మా వంటింటి ఫాయిల్‌కీ ఉంది, దానికెవరూ కొబ్బరికాయ కొట్టరు.

రెండో మసక వేరే జాతిది. వెలుగు తిన్నగా పోతుందని ఎనిమిదో తరగతిలో చెబుతాం. ఇంటర్‌కి రాగానే వివర్తనం అనే మాట చెప్పి, వెలుగు వంగుతుందంటాం. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పే ఓపిక మా మాస్టార్లకీ ఉండదు, సిలబస్‌కీ ఉండదు. కలిసే చోటు ఈ సూది బెజ్జమే.

వెలుగు అలలుగా వస్తుంది, బెజ్జంలో ప్రతి బిందువు నుంచీ అలలు బయల్దేరతాయి. బెజ్జాన్ని అడ్డంగా రెండు సగాలుగా ఊహించుకోండి. పై సగంలో ప్రతి బిందువుకీ కింది సగంలో ఒక జత ఉంటుంది. తిన్నగా ఎదురుగా అందరూ ఒకే అడుగు వేస్తూ చేరతారు కాబట్టి అక్కడ వెలుగు. కాస్త పక్కకి జరిగి చూస్తే జతలో ఒకరికి దారి ఎక్కువ, ఒకరికి తక్కువ. ఆ తేడా సగం తరంగం అయ్యేసరికి ఒకరి ఎత్తు మీద మరొకరి పల్లం పడి, జతలన్నీ చెల్లుకు చెల్లు. అక్కడ చీకటి. మచ్చకి అదే అంచు. బెజ్జం వెడల్పుగా ఉంటే జతల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి కొంచెం పక్కకి జరగగానే సగం తరంగం తేడా వచ్చేస్తుంది, మచ్చ చిన్నది. బెజ్జం ఇరుకైతే అదే తేడా రావడానికి చాలా పక్కకి పోవాలి, మచ్చ పెద్దది. వెలుగుని ఎంత ఇరుకున పెడితే అంత పక్కలకి తన్నుకుపోతుంది. గుండ్రటి బెజ్జానికి ఈ లెక్క 1835లో ఇంగ్లిషు శాస్త్రజ్ఞుడు ఎయిరీ కట్టాడు. సూది బెజ్జం కెమెరాకి ఏ సైజు బాగుంటుందో 1891లో మరో ఇంగ్లిషు శాస్త్రజ్ఞుడు రేలీ రాశాడు. బెజ్జం నుంచి తెరకి ఉన్న దూరాన్ని తరంగదైర్ఘ్యంతో (ఒక అల పొడవుతో) గుణించి, వర్గమూలం తీసి, 1.9తో గుణిస్తే చాలు. నా కెమెరాలో ఆ దూరం దాదాపు 50 మిల్లీమీటర్లు, ఆకుపచ్చ వెలుగు తరంగం 0.00055. వచ్చే జవాబు 0.3 మిల్లీమీటర్లు. నా సన్న సూదికి ఈ లెక్క ఎవరు చెప్పారో!

ఇప్పుడు లెన్సు తిరిగి పెట్టేద్దాం. మొదటి మసకని లెన్సు సరిచేస్తుంది, రెండోది మాత్రం ఉండిపోతుంది. ఎక్స్‌పోజర్, ఐఎస్ఓల జోలికి పోను, అవి యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. మనకి కావలసింది సంక్రాంతి ముగ్గు. వాకిలే సెన్సర్, అంటే కెమెరాలో బొమ్మ పడే తెర. వెలుగు వేసే మచ్చే ముగ్గు చుక్క. వాకిట్లో పరిచిన గచ్చు పలకలు పిక్సెళ్లు. ముగ్గు ఎంత వివరంగా వస్తుందో చెప్పాలంటే పలకలెన్నో అడిగితే చాలదు, వాకిలి వెడల్పులో చుక్కలెన్ని పడతాయో అడగాలి. చుక్క అడ్డకొలత 2.44 ఇంటూ తరంగదైర్ఘ్యం ఇంటూ ఎఫ్ నంబరు (లెన్సు బెజ్జాన్ని ఎంత మూశామో చెప్పే అంకె, అంకె పెరిగితే బెజ్జం తగ్గినట్టు). చుక్కలు సగందాకా ఒకదానిమీదకొకటి ఎక్కినా రెండని పోల్చుకోగలం, అందుకని ఇది మరీ కచ్చితమైన హద్దు కాదు. పోలికకి మాత్రం బాగా పనికొస్తుంది.

అబ్బాయి ఫోన్ చూద్దాం. ఇలాంటి 200 మెగాపిక్సెళ్ల సెన్సర్లలో బాగా కనబడే రకానికి వెడల్పు 10 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, పిక్సెల్ 0.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు). లెన్సు ఎఫ్/1.7 అనుకుంటే చుక్క 2.3 మైక్రాన్లు. అంటే ఒక్క చుక్క కింద అటు నాలుగు, ఇటు నాలుగు పలకలు. ఈ ఫోన్లు మామూలుగా తీసేటప్పుడు సరిగ్గా పదహారేసి పిక్సెళ్లని కలిపి ఒకటిగా లెక్కేసి 12.5 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తాయి. తక్కువ వెలుతురు కోసం అలా చేస్తామంటాయి కంపెనీలు, అదీ నిజమే. కానీ పలకని ఎంత చిన్నగా కోసినా దానిమీద పడే చుక్క చిన్నదవదు. ఫోన్ వాకిట్లో పట్టేవి వరసకి 4,300 చుక్కలు.

నాన్నగారి ఫుల్ ఫ్రేమ్ వాకిలి 36 మిల్లీమీటర్లు, పలక 6 మైక్రాన్లు. ఎఫ్/5.6 పెడితే చుక్క 7.5 మైక్రాన్లు, వరసకి 4,800. గెలుపే, కానీ ఒళ్లు విరుచుకునేంత గెలుపు కాదు. అదే ఆయన గుడి మెట్ల దగ్గర నుంచి కలశం దాకా అంతా తేటగా రావాలని ఎఫ్/16కి బిగించారనుకోండి, చుక్క 21.5 మైక్రాన్లయి వరసకి 1,700కి పడిపోతుంది. అప్పుడు, మన్నించాలి, మీ అబ్బాయిదే రైటు.

మరి 1932లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ వగైరా ఫోటోగ్రాఫర్లు తేటదనమే తమ మతమని ఒక బృందం కట్టి, దానికి ఎఫ్/64 అని పేరు ఎందుకు పెట్టుకున్నట్టు? ఎఫ్/64 దగ్గర చుక్క 86 మైక్రాన్లు! వాళ్లు వాడిన పెద్ద కెమెరాల ఫిల్ము 10 అంగుళాల దాకా ఉండేది, అంటే 254 మిల్లీమీటర్ల వాకిలి. అందులో దాదాపు 2,950 చుక్కలు. పైగా ఆ ఫిల్మునే కాగితం మీద పరిచి అదే సైజులో అచ్చు తీస్తే, మిల్లీమీటర్లో పదోవంతు కూడా లేని చుక్క కంటికి ఆనదు. అదే చుక్కని ఫోన్ వాకిట్లో వేస్తే వరసకి 114. ఫోన్లలో చాలావాటికి అపర్చర్ మూసే ఏర్పాటే లేకపోవడానికి ఇదొక కారణం. మూస్తే ఉన్నదీ పోతుంది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఎఫ్ నంబరు బెజ్జం సైజు కాదు, నాభ్యంతరాన్ని (దూరపు దృశ్యం తేటగా పడటానికి లెన్సుకీ తెరకీ ఉండాల్సిన దూరాన్ని) బెజ్జంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. ఒకే చోట నిలబడి ఒకే దృశ్యం అంతే వెడల్పున రావాలంటే ఫోన్‌కి నాభ్యంతరం 6.3 మిల్లీమీటర్లు చాలు, ఫుల్ ఫ్రేమ్‌కి 23, 24 కావాలి. ఎఫ్/1.7 దగ్గర ఫోన్ బెజ్జం 3.7 మిల్లీమీటర్లు. ఎఫ్/5.6 దగ్గర కెమెరా బెజ్జం 4.3. పై లెక్కలో 4,300కీ 4,800కీ ఉన్న తేడా ఇంచుమించు ఇదే. ఎఫ్/16లో బెజ్జం 1.5కి కుంచించుకుపోయింది, చుక్కలూ పడిపోయాయి. దృశ్యం ఒకటే అయినప్పుడు చుక్కల సంఖ్యని తేల్చేది మిల్లీమీటర్లలో బెజ్జమే. పెద్ద సెన్సర్ కొన్నామనుకుంటాం గానీ, ఈ విషయంలో మనం డబ్బు పోసేది పెద్ద బెజ్జం పట్టే చోటుకి.

అలాగని బార్లా తెరిస్తే లెన్సులోని వంకరలన్నీ బయటపడతాయి, మూలలు అలుక్కుపోతాయి, తేటగా ఉండే లోతూ తగ్గుతుంది. అందుకే ఫుల్ ఫ్రేమ్‌లో ఎక్కువమంది ఎఫ్/5.6కీ ఎఫ్/8కీ మధ్య స్థిరపడతారు.

ఇదంతా తెలిసి మాట్లాడుతున్నానని అనుకోకండి. కొన్నేళ్ల కిందట మాక్రో లెన్సుతో (చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసేదానితో) చీమల్ని తీస్తూ, మీసాల నుంచి తోక దాకా తేటగా రావాలని ప్రతిసారీ ఎఫ్/22 పెట్టేవాణ్ణి. ఫోటోలన్నీ పొగచూరినట్టు వచ్చేవి. లెన్సుకి ఫంగస్ పట్టిందని రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన టార్చి వేసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతలో తీశావు బాబూ?" అన్నాడు. చెప్పాను. "లెన్సు శుభ్రంగా ఉంది. పొగ నీ ఇరవైరెండుది. ఐదున్నరలో తీసి రా."

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. వస్తువు దాని అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి వెళితే, నా లెన్సులో ఎఫ్ నంబరు రెట్టింపయినట్టే పనిచేస్తుంది. 22 కాస్తా 44. చుక్క 59 మైక్రాన్లు. 5 మిల్లీమీటర్ల చీమ పొడవునా 85 చుక్కలు. మా వీధిలో అంతకంటే పెద్ద ముగ్గులే వేస్తారు.

ఐదున్నరలో, అంటే ఎఫ్/5.6లో, చీమకి 330 చుక్కలు దక్కాయి, వెంట్రుకలతో సహా. కానీ తేటగా ఉండే మందం అర మిల్లీమీటరు పైచిలుకే. అందుకని పాకం బొట్టు పెట్టి, దాన్ని తాగుతున్న చీమని, ఫోకస్ మీసం దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెం వెనక్కి జరుపుతూ పన్నెండు ఫోటోలు తీసి, కంప్యూటర్లో కలిపాను. అద్భుతంగా వచ్చింది. గోడకి పెట్టుకున్నాక మా మేనకోడలు లెక్కపెట్టి చెప్పింది, దానికి ఏడు కాళ్లున్నాయని.