నల్లబడ్డ అండాశయాన్ని తీసేయాలా?

ఆడపిల్లకు ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, వెంటనే వాంతులు. ఇంట్లో అజీర్తి అనుకుంటారు, కాస్త పెద్దపిల్లయితే నెలసరి నొప్పి అంటారు. ఆస్పత్రిలో మొదటి అనుమానం అపెండిసైటిస్ మీదికి పోతుంది. నొప్పి మధ్యలో తగ్గి మళ్లీ వస్తుంటే అందరూ ఇంకాస్త తాత్సారం చేస్తారు. అండాశయం మెలిపడిందేమోనన్న ఆలోచన చాలాసార్లు ఆఖరున వస్తుంది.

అండాశయాన్ని పట్టి ఉంచే బంధనాల వెంటే దాని రక్తనాళాలూ వస్తాయి. నీటితిత్తో, డెర్మాయిడ్ గడ్డో పెరిగి బరువెక్కితే ఆ బంధనాలు మెలితిరుగుతాయి. చిన్నపిల్లల్లో మాత్రం ఏ గడ్డా లేకుండానే మెలిపడొచ్చు. ఎడమవైపు పెద్దపేగు చివరి భాగం అడ్డుగా ఉంటుంది కాబట్టి ఇది కుడివైపే ఎక్కువ. అపెండిక్స్ ఉండేదీ అటే, పొరబాటుకు అదొక కారణం.

మెలికలో ముందు నలిగేవి పలుచని గోడలున్న సిరలు. ధమనులు రక్తాన్ని లోపలికి తోస్తూనే ఉంటాయి, బయటికి దారి మూసుకుపోతుంది. అండాశయం ఉబ్బి, కమిలి, నల్లబడుతుంది. అందుకే డాప్లర్ స్కాన్‌లో రక్తప్రసరణ కనిపించినంత మాత్రాన మెలిక లేదనలేం. ఒక అండాశయం రెండోదానికన్నా బాగా పెద్దదై, దాని అంచుల్లో ఫాలికల్స్ (అండాలు పెరిగే చిన్న నీటి సంచులు) వరుసగా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఖాయం చేసేది లాపరోస్కోపీయే, అంటే పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడడమే.

ఒకప్పుడు నల్లగా కనిపిస్తే తీసేసేవారు. కణజాలం చచ్చిపోయిందని ఒక నమ్మకం, మెలిక విప్పితే రక్తపు గడ్డలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఒక భయం. ఆ భయానికి ఆధారాలు దొరకలేదు. ఆపరేషన్ బల్ల మీద రంగు తిరిగి రాకపోయినా, కొన్ని వారాల తర్వాత స్కాన్ చేస్తే చాలామందిలో ఫాలికల్స్ పెరుగుతూ కనిపించాయి. రంగు చూసి తీర్పు చెప్పొద్దని, మెలిక విప్పి అండాశయాన్ని ఉంచేయాలని అమెరికాలోని ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల సంఘం (ACOG) 2019లో స్పష్టంగా సూచించింది. ఈ వయసులో మెలిక వెనక క్యాన్సర్ ఉండడం అరుదు. ఆపరేషన్‌కు సంతకం పెట్టే ముందు "విప్పి ఉంచుతారా, తీసేస్తారా?" అని తల్లిదండ్రులు నిస్సంకోచంగా అడగొచ్చు.

మళ్లీ తిరగకుండా అండాశయాన్ని కుట్టి బిగించాలా అన్నదాని మీద సర్జన్లలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. ఒకసారి మెలిక పడిన పిల్లకు అదే నొప్పి మళ్లీ వస్తే, పాత రిపోర్టులు పట్టుకుని నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లాలి.