ట్యాంకు కింది డబ్బా సంగతి

తిరుపతి

చిరంజీవులు హారికకు, చరణ్‌కు,

తాత ఆశీస్సులు. పాత సువేగాకు పెట్రోలు ట్యాంకు కింద క్లాంపుతో బిగించిన బొటనవేలంత డబ్బా ఫోటో పంపారు. ఎవరో తగిలించిన చెత్త అనుకుని పీకేయబోయారట! పీకకండి. దాన్ని పెట్టించింది నేనే. మీ నాన్న బండిని చిత్తూరు తీసుకెళ్లిన రోజే చెప్పవలసింది, మరిచిపోయాను.

సువేగా మన తిరుపతిలో తయారైన మోపెడ్. 1949లో ఫ్రాన్స్‌లో మోటోబెకాన్ కంపెనీ తెచ్చిన మోబిలెట్ దీనికి మూలం. ఇంజనులో పెట్రోలును అంటించే మంటకు, అంటే స్పార్కుకు, బ్యాటరీ అక్కర్లేదు, ఆ పని మాగ్నెటో చూసుకుంటుంది. ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దానిలో అమర్చిన అయస్కాంతాలు కాయిల్ చుట్టూ తిరిగితే కరెంటు పుడుతుంది. మెకానిక్కులు ప్లాటినం పాయింట్లు అనే రెండు చిన్న బిళ్లలు ఒకదానికొకటి ఆనుకున్నంతసేపు ఆ కరెంటు లోపలే తిరుగుతుంది. పిస్టన్ పైకి చేరబోయే ముందు కామ్ అనే తిరిగే గుబ్బ ఆ బిళ్లలను విడదీస్తుంది. కరెంటు ఉన్నట్టుండి తెగితే కాయిల్‌లోని రెండో తీగచుట్టలో వేల వోల్టులు లేచి ప్లగ్గు దగ్గర మంట వస్తుంది.

అయితే కరెంటు అంత మర్యాదగా ఆగదు. ఘాట్ రోడ్డులో బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, విడిపోతున్న పాయింట్ల మధ్య నుంచే దూకాలని చూస్తుంది. అలా దూకితే బిళ్లలు కాలతాయి, ప్లగ్గుకు చేరేది అంతంతమాత్రం. ఆ తూలేదాన్ని ఒక్క క్షణం పట్టి ఆపేది కండెన్సర్. మీరు ఫోటో తీసింది దాన్నే.

అసలు కండెన్సర్ ఇంజను పక్కనే, ఫ్లైవీల్ వెనక ఉంటుంది. బండికి పదేళ్లు దాటాక ఒక మే నెలలో చంద్రగిరి వెళుతుంటే దారిలో ఆగిపోయింది. చింతచెట్టు కింద అరగంట కూర్చుని తొక్కితే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. వారంలో మూడుసార్లు ఇదే తంతు. నేను రెండు ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ కడిగాను, ట్యాంకు మూత రంధ్రంలో గుండుసూది కూడా పొడిచాను. చివరికి ఒక మెకానిక్ బండి వేడిగా ఉండగానే పక్క మూత తీసి, నన్ను పెడల్ తొక్కమని, ఫ్లైవీల్ కిటికీలోంచి చూపించాడు. పాయింట్ల మధ్య తెల్లగా, నీలంగా పెద్ద పెద్ద రవ్వలు. “బయట వెలగాల్సిన మతాబా లోపలే వెలిగించుకుంటోంది సార్” అన్నాడు. చల్లగా ఉంటే పనిచేసి, వేడెక్కితే చేతులెత్తేయడం ముసలి కండెన్సర్ లక్షణం. నా లక్షణం కూడా ఇప్పుడు అదే.

ఆ రోజు బజారులో ఆ భాగం దొరకలేదు. అతను అంబాసిడర్ కారు డిస్ట్రిబ్యూటర్‌లో వాడే కండెన్సర్ తెచ్చాడు. దాని సామర్థ్యం సుమారు 0.2 మైక్రోఫారడ్, మనకు సరిపోతుంది. దాని తీగను పాయింట్ల తీగకు కలిపి, రేకు ఒంటిని ఛాసిస్‌కు బిగించాడు. లోపలున్నా బయటున్నా కనెక్షన్ అదే కాబట్టి పనిలో తేడా రాదు. పైగా ఇంజను వేడి తగలదు, పాడైతే ఫ్లైవీల్ ఊడదీయకుండా రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు. కాకపోతే పాత కండెన్సర్ తీగను తప్పకుండా కోసేయాలి. చాలామంది అది ఉండగానే పక్కన కొత్తది తగిలిస్తారు. పాతది లోపల లీకవుతుంటే పైన ఎన్ని పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. ఒకటి చూడండి: క్లాంపు కింద రంగు గీకి ఉంటుంది. అక్కడ తుప్పు పడితే ఎర్త్ పోతుంది, మళ్లీ చంద్రగిరి దారి కథే.

నేను చేసిన మరో సవరణ గురించి గొప్పగా చెప్పుకోలేను. బండి పరుగెత్తాలని పాయింట్లు బిగించి ఉండే మాగ్నెటో ప్లేటు రంధ్రాలను ఆకురాయితో సాగదీసి, మంట ఇంకాస్త ముందుగానే వచ్చేలా జరిపాను. నెల తిరక్కుండా పిస్టన్ నెత్తి కరిగి గుంటపడింది. సాగదీసిన గుర్తులు ఇప్పటికీ ఉంటాయి, నవ్వుకోండి. పాయింట్లు సరిగ్గా ఎప్పుడు విడిపోతున్నాయో తెలియాలంటే అగరుబత్తి ప్యాకెట్ మీది పలచని కాగితం వాటి మధ్య పెట్టి, మెల్లగా లాగుతూ ఫ్లైవీల్ తిప్పండి. కాగితం జారిన చోటే పాయింట్లు విడిపోయే చోటు. పూర్తిగా విడిపోయాక పాయింట్ల సందు 0.4 మి.మీ. ఉంచండి. ప్లగ్గు సందుకు హాక్సా బ్లేడు మందం చాలు, అది దాదాపు 0.6 మి.మీ.

ఇక చరణ్ పెట్టిద్దామా అని అడిగిన సీడీఐ, అంటే పాయింట్లు లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో మంట పుట్టించే ఏర్పాటు. మొదటి అక్షరం కెపాసిటర్‌ది నాయనా, అంటే మన కండెన్సరే! పాయింట్ల పీడ వదులుతుందన్న మాట నిజం. కానీ దానికి వేరే కాయిళ్లు, వాటికి తగిన అయస్కాంతాల ఫ్లైవీల్ కావాలి. వేరే మోపెడ్ ఫ్లైవీల్ తెచ్చి, షాఫ్టుకు సరిపోక రేకు చుట్టి బిగించిన బండిని చూశాను. అది ఊగే ఊపుకు పక్కన నిలబడాలంటే భయమేసింది. షాఫ్టు టేపరు (కొస సన్నబడే వాలు), ఫ్లైవీల్ జారకుండా పట్టే కీ గాడి రెండూ కలిస్తేనే ఆ ఆలోచన చేయండి.

ప్లగ్గు తీసి మంట చూసేటప్పుడు దాని ఒంటిని ఇంజను లోహానికి ఆనించండి. గాలిలో వదిలి తొక్కితే కాయిల్ ఇన్సులేషన్ దెబ్బతింటుంది. పెట్రోలు డబ్బా దూరంగా పెట్టండి. ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టకండి, దాన్ని ఊడదీసే పనిముట్టు పుల్లర్‌ను మీ నాన్నతో పంపుతున్నాను. పని అయ్యాక అది నాకు తిరిగి రావాలి.

మీ తాత