ఫోన్ చేసింది నా పాత ఉద్యోగమే

పిల్లలూ,

దసరా సెలవులు అయి మీరు వెళ్లిన దగ్గర్నుంచి ఇల్లు బోసిపోయింది. వెళ్తూ వెళ్తూ చిన్నోడు ఒక ప్రశ్న వేసి బస్సెక్కేశాడు. "నెట్ పోయింది కదా అమ్మమ్మా, మరి ఫోన్‌లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" కదిలే బస్సు కిటికీ పట్టుకుని ఏం చెప్పను? అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు గుర్తుంది కదా. రాత్రంతా గాలీ వానా. తెల్లారి చూస్తే పెరట్లో కొబ్బరి మట్ట విరిగి ఫైబర్ తీగ మీద పడి ఉంది. కరెంటు ఉంది, టీవీ పక్కన డబ్బా, అదే నెట్ పంచే రౌటర్, వెలుగుతూనే ఉంది. కానీ దాని మీద ఒక ఎర్ర దీపం టపటపా కొట్టుకుంటోంది. ఆ దీపం దగ్గర ఎల్ఓఎస్ అని రాసి ఉంటుంది, చూశారో లేదో. అవతల నుంచి వెలుతురు రావడం లేదని దానర్థం. ఫైబర్ అంటే వెంట్రుకంత గాజు పోగు, అందులో నడిచేది వెలుతురే. పోగు తెగితే మనిషి వచ్చి అతకాల్సిందే. పెద్దది ఆ డబ్బాని నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు వేసింది, పాపం.

దీపాలన్నీ ఆరిపోయి డబ్బా చీకటైతే అది వేరే సంగతి. కరెంటు పోయిందంతే, తీగ బాగానే ఉండొచ్చు. రౌటర్‌కి తగిన చిన్న యూపీఎస్, అంటే కరెంటు పోగానే అందుకునే బ్యాటరీ డబ్బా, ఉంటే కొన్ని గంటలు గడిచిపోతుంది. మా రోజుల్లో ఈ తంటా లేదు. ల్యాండ్‌లైన్‌కి కావాల్సిన కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజు పోగు కరెంటు మోయదు కదా.

ఇక చిన్నోడి ప్రశ్న. ఫోన్‌కి నెట్ మన ఇంటి తీగ నుంచి రాదు, టవర్ నుంచి గాలిలో వస్తుంది. హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఫోన్ ఒక చేత్తో టవర్‌ని పట్టుకుని, రెండో చేత్తో ఇంట్లో వాళ్లకి వై-ఫై పంచుతుంది. నేను ఎక్స్ఛేంజ్‌లో బోర్డు ముందు కూర్చుని చేసిన ఉద్యోగం అచ్చం ఇదే. వేరే ఊళ్లకి కలిపే ట్రంక్ లైను ఒకటే, అడిగేవాళ్లు పదిమంది. వైరు తీసి ఒకరి రంధ్రంలో గుచ్చితే మిగతావాళ్లు ఆగాల్సిందే. ఆర్డినరీ, అర్జెంట్, అన్నిటికంటే తొందరది లైట్నింగ్ అని కాల్స్‌కి వరస ఉండేది. మన ఇంట్లో ఆ వరస లేదు! పెద్దదాని ఆన్‌లైన్ క్లాసు, చిన్నోడి కార్టూన్లు, మీ మామయ్య క్రికెట్టు, అన్నీ లైట్నింగే.

మధ్యలో ఉండి పంచే మనిషి ఎక్కడ కూర్చోవాలో కూడా చూడాలి. ఆ రోజు మీరు ఫోన్‌ని లాప్‌టాప్ పక్కనే, నడిమి గదిలో పెట్టారు. అక్కడ టవర్ సిగ్నల్ ఒక్క గీతే. నేను తీసుకెళ్లి వీధి కిటికీ గట్టు మీద పెట్టాను, మూడు గీతలు వచ్చాయి. లాప్‌టాప్ ఉన్నచోటే ఉంది, క్లాసు మాత్రం కదిలింది. మనది లావాటి గోడల పాత ఇల్లు. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో 2.4, 5 అని రెండు ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది. గది దాటి వెళ్లాలంటే 2.4 నయం. పాస్‌వర్డ్ మాత్రం కనీసం ఎనిమిది అక్షరాలు పెట్టండి. పక్కింటి గుంటడు అడిగితే ఇవ్వండి, తప్పులేదు. అడక్కుండా ఎవరూ వాడుకోకూడదు, సిమ్ మీ అమ్మ పేరున ఉంది.

అసలు దెబ్బ తగిలింది డేటా దగ్గర. రోజుకి 2 జీబీ ప్యాకు. వీడియో క్లాసు గంటకి ఒక జీబీ దాకా లాగేస్తుంది, కెమెరా ఆపుకుంటే తగ్గుతుంది. లెక్కప్రకారం సరిపోవాలి. కానీ అరగంటకే అయిపోయిందని మెసేజ్ వచ్చింది! ఎవరు తిన్నారు? లాప్‌టాప్. వై-ఫై కనబడగానే ఇంటి నెట్ అనుకుని అప్‌డేట్లు దింపుకుంది. ఈసారి ముందే దాని వై-ఫై సెట్టింగుల్లో మీటర్డ్ కనెక్షన్ (ఇది కొలిచి వాడాల్సిన నెట్ అని చెప్పడం) అన్నది ఆన్ చేయండి, కొంత ఒదిగి ఉంటుంది. ప్యాకు అయ్యాక వచ్చే వేగం 64 కేబీపీఎస్. అంటే ఒక ఎంబీ ఫొటో రావడానికి రెండు నిమిషాలు. పెద్దది ఏడుపు మొహం పెట్టిందంటే పెట్టదా మరి?

ఫోన్ కూడా పెనంలా కాలిపోయింది. చార్జింగ్ పెట్టి, దుప్పటి మీద పడేసి, హాట్‌స్పాట్ నడిపితే అంతే. ఒక్క లాప్‌టాప్‌కే అయితే కేబుల్‌తో కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, వై-ఫై బదులు ఆ కేబుల్లోంచే నెట్ వెళ్తుంది. నిలకడగా వస్తుంది, ఫోన్‌కి చార్జింగూ ఎక్కుతుంది. కరెంటు లేనప్పుడు మాత్రం లాప్‌టాప్ బ్యాటరీ కరిగిపోతుంది, చూసుకోండి. మన ఇంట్లో ఉన్న కేబుల్ అందుకు పనికిరాలేదు. కొన్ని కేబుళ్లలో చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు.

పెద్ద తుఫానొస్తే ఇవేవీ పనిచేయవు, అదీ చెప్పాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. టవర్లకి బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు ఉంటాయి కానీ అవి ఎంతసేపని? టవర్ ఆగితే చేతిలో ఫోన్ ఉన్నా అది టార్చిలైటే. అప్పుడు జనరేటర్ ఉన్న ఇంటి అరుగు మీద ఊళ్లో ఫోన్లన్నీ వరసగా పెట్టి చార్జింగ్ పెట్టుకున్నాం. సిగ్నల్ వచ్చిన కాసేపట్లో మీ అమ్మకి "బాగున్నాం" అని ఒక్క మెసేజ్ పంపి డేటా ఆపేశాను.

మొన్న లైన్‌మన్ వచ్చి పోగు అతికి వెళ్లాడు, ఎర్ర దీపం పోయి పచ్చది వచ్చింది. అయినా సాయంత్రం దాకా మీ మామయ్య లాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడుస్తోంది, ఎవరూ ఆపలేదు! నేనే ఆపాను. సంక్రాంతికి వచ్చేటప్పుడు డేటా తీగలున్న కేబుల్ ఒకటి తెండి.

మీ అమ్మమ్మ,
సోంపేట