గోడకు రంగు వేసే ముందు

బెంగళూరు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మన అపార్ట్‌మెంటు ప్రహరీగోడకు రోడ్డువైపు బొమ్మలు వేస్తామని మీరు సెక్రటరీ గారికి ఇచ్చిన కాగితం చూసి ఎంతో సంతోషించాను. బొమ్మలు, రంగులు, ఖర్చు అన్నీ రాశారు. పొద్దున్నుంచి చీకటిపడే దాకా ఆ గోడ ముందే ఇస్త్రీ బండి దగ్గర నిలబడే మదనపల్లె మామ మాత్రం అందులో లేడు. గోడకు లోపలివైపు ఉండే మనకంటే ఆ బొమ్మను ఎక్కువగా చూడబోయేది ఆయనే కదా!

ఈ ఊళ్లో గోడబొమ్మలకు మంచి చరిత్రే ఉంది. పోస్టర్లతో నిండిపోయిన గోడల మీద 2009లో అప్పటి మహానగర పాలికె, అంటే నగరపాలక సంస్థ, హంపి రథం, మైసూరు ప్యాలెస్, అడవి జంతువుల బొమ్మలు వేయించింది. వేసింది సినిమా బ్యానర్లు, సైన్‌బోర్డులు రాసే పెయింటర్లు. ఫ్లెక్సీలు వచ్చాక వాళ్ల చేతుల్లో పని తగ్గిపోయింది. ఊరి అందం సంగతి అలా ఉంచితే, ఆ చేతులకు మళ్లీ కుంచె అందడమే నాకు పెద్ద విషయంగా తోస్తుంది.

ఈ ఊరి వీధి చిత్రకారుడు బాదల్ నంజుండస్వామి గారి పని కూడా తెలుసుకోండి. 2015లో సుల్తాన్‌పాళ్యలో నడిరోడ్డు మీద పెద్ద గుంత పడి ఉంటే, దాన్ని రంగులతో చెరువులా మార్చి అందులో ఫైబర్ మొసలిని పెట్టారు. ఆ తర్వాతే రోడ్డు బాగుపడింది. చంద్రయాన్-2 రోజుల్లో, 2019లో, గుంతల రోడ్డు మీద వ్యోమగామి వేషంలో ఒక నటుడిని చంద్రుడి మీద నడుస్తున్నట్టు నడిపించి వీడియో తీశారు. ఆ వీధివాళ్లు రోజూ పడే బాధేమిటో ముందు చూశారు కాబట్టే ఆయన బొమ్మలకు అంత బలం. అలాగే పూర్ణిమా సుకుమార్ గారు 2016లో మొదలుపెట్టిన అరవాణి ఆర్ట్ ప్రాజెక్టులో ట్రాన్స్‌జెండర్ మహిళలే కుంచె పట్టి గోడలెక్కారు. వాళ్ల గురించి ఇంకొకరు గీయడం వేరు, వాళ్లే గీయడం వేరు.

ఇక మన గోడ. పెచ్చులూడుతున్న పాత సున్నాన్ని గీకేయాలి. కాలువ పక్కన అడుగుభాగంలో మోకాలి ఎత్తు వరకు చెమ్మ ఉంది, చెయ్యి పెట్టి చూడండి. దాని సంగతి తేల్చకుండా ఎంత ఖరీదైన రంగు వేసినా వానలకు బుడగలెత్తి ఊడిపోతుంది. గోడ బాగా ఆరాక ప్రైమర్ అనే అడుగుపూత, అది ఆరాక బయటిగోడల ఎమల్షన్ రంగు. జనవరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. కాగితం మీది బొమ్మకు గళ్లు గీసి, గోడ మీద సుద్దతో అవే గళ్లను పెద్దవిగా గీసుకోండి. అప్పుడు ముక్కు ఒకచోట, కన్ను ఇంకొకచోట పడవు. అడుగుభాగానికి ఇటుక ఎరుపు వేయండి. మన ఫ్లైఓవర్ల కింద స్తంభాలకు రంగులు వేసిన 'ది అగ్లీ ఇండియన్' అనే స్వచ్ఛంద బృందం వాళ్ల పద్ధతి అది. ఆ రంగు మీద దుమ్మూ, కిళ్లీ మరకా అంతగా కనబడవు. పై నుంచి కిందిదాకా తెల్లరంగు వేస్తే వారం తిరక్కుండానే చూడలేము.

అనుమతి కాగితం చేతికి వచ్చాకే మొదలుపెట్టండి. బహిరంగ స్థలాలను పాడుచేయకుండా కర్ణాటకలో 1981 నాటి చట్టం ఉంది. సెక్రటరీ గారితో నేనూ మాట్లాడతాను.

ఈలోగా ఒక సాయంత్రం మామ బండి దగ్గర కాసేపు కూర్చోండి. బండి గోడకు ఎక్కడ ఒరుసుకుంటుందో, బొగ్గుల పెట్టె పొగ ఎక్కడ తగులుతుందో అడగండి. అక్కడ ముదురు రంగు వేసుకోవచ్చు. ఏ బొమ్మ ఇష్టమో కూడా ఆయన్నే అడగండి. తన ఊరి హార్స్‌లీ కొండలు కావాలంటే, మీ కాగితంలోని డాల్ఫిన్లను పక్కనపెట్టి ఆ కొండలే వేయండి. నిచ్చెన, గీకుడు రేకులు నేనిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య