డార్విన్‌ను చదివి టెన్నిసన్ దేవుణ్ణి వదిలేశాడా? పందొమ్మిదో శతాబ్దపు సాహిత్యంపై అపోహలు - వాస్తవాలు

ఎంఏ ఇంగ్లీషు జవాబు పత్రాలు దిద్దేవారికి ఒక వాక్యం కంఠతా వచ్చేసి ఉంటుంది: "డార్విన్ సిద్ధాంతం చదివి విశ్వాసం కోల్పోయిన టెన్నిసన్ ఆ వేదనలో 'ఇన్ మెమోరియమ్' రచించాడు." కళాశాల మారినా, చేతిరాత మారినా ఈ వాక్యం మాత్రం మారదు. టెన్నిసన్ పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల కవి, 'ఇన్ మెమోరియమ్' ఆయన సుదీర్ఘ కావ్యం. బజారు గైడు నుంచి సీనియర్ల నోట్సుకూ, అక్కడి నుంచి అధ్యాపక అర్హత పరీక్ష అయిన నెట్ (NET) కోచింగు మెటీరియల్‌కూ ఇది చేతులు మారుతూనే ఉంటుంది. మార్కులు పోవడం ఇందులో చిన్న నష్టం. ఈ వాక్యాన్ని పట్టుకుని కావ్యంలోకి వెళ్ళినవారు అందులో ఉన్న మరణాన్ని చూడకుండానే బయటికి వచ్చేస్తారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఈ ఒక్కదానికే కేటాయిస్తున్నాను.

అపోహ: 'ఇన్ మెమోరియమ్' డార్విన్‌కు జవాబు.

వాస్తవం: 'ఇన్ మెమోరియమ్' 1850లో వెలువడింది. డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' వచ్చింది 1859లో. తొమ్మిదేళ్ళ తరువాత రాబోయే గ్రంథానికి ఎవరూ ముందుగా జవాబు రాయలేరు. పైగా ఈ కావ్యం 1850లో మొదలైనది కూడా కాదు. టెన్నిసన్ ప్రాణమిత్రుడు, ఆయన చెల్లెలు ఎమిలీతో పెళ్ళి నిశ్చయమైన ఆర్థర్ హాలమ్, తండ్రితో కలిసి ఐరోపా యాత్రలో ఉండగా 1833 సెప్టెంబరులో వియన్నాలో హఠాత్తుగా మరణించాడు. అప్పటికి అతని వయసు 22 ఏళ్ళు. భౌతికకాయం ఓడలో ఇంగ్లండుకు చేరి, మరుసటి జనవరిలో క్లీవ్‌డన్‌లో ఖననమైంది. 9వ ఖండికలో కవి ఆ ఓడనే సంబోధించి, నా మిత్రుణ్ణి భద్రంగా తీసుకురమ్మని వేడుకుంటాడు. అంటే కావ్యానికి మూలం ఒక శవపేటిక. ఏ సిద్ధాంత గ్రంథమూ కాదు. అక్కడి నుంచి దాదాపు 17 ఏళ్ళపాటు విడివిడిగా రాసిన ఖండికలను కూర్చి, తన పేరు లేకుండానే టెన్నిసన్ దీనిని ప్రచురించాడు.

ఇక్కడ విద్యార్థులు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు, అది న్యాయమైన ప్రశ్నే: "మరి పళ్ళూ గోళ్ళూ నెత్తురోడే ప్రకృతి అన్న మాట ఇందులోనిదే కదా సార్, అది డార్విన్ మాటలాగే ఉంది కదా?" ఆ మాట 56వ ఖండికలో ఉన్నది నిజమే. అయితే దానిని ఒంటరిగా తెంపి చదవకుండా 55తో కలిపి చదవాలి. 55లో కవి తనకు తాను ఒక ఓదార్పు చెప్పుకోబోతాడు: ప్రకృతికి ఒక్కొక్క ప్రాణి మీద పట్టింపు లేకపోవచ్చు, యాభై విత్తనాలలో ఒక్కటే మొలవవచ్చు, అయినా జాతిని మాత్రం అది జాగ్రత్తగా కాపాడుకుంటుందేమో. 56 మొదలవుతూనే ఆ ఓదార్పును కొట్టిపారేస్తుంది. నిటారుగా కోసుకుపోయిన కొండచరియల నుంచి, రాతిగనుల నుంచి ప్రకృతి గొంతు వినిపిస్తుంది: వేల జాతులు పోయాయి, నాకు దేని మీదా పట్టింపు లేదు, అన్నీ పోతాయి.

ఆ కొండచరియలోనూ ఆ రాతిగనిలోనూ ఉన్నవి శిలాజాలు. ఇక్కడ మాట్లాడుతున్నది భూగర్భశాస్త్రం. 1830-33 మధ్య వచ్చిన భూగర్భశాస్త్రవేత్త చార్లెస్ లయెల్ గ్రంథం 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ'ని టెన్నిసన్ 1830ల చివరలో శ్రద్ధగా చదివాడు. ఆ లయెల్ అప్పటికి పరిణామవాదాన్ని ఒప్పుకున్నవాడు కూడా కాదు. జాతులు మారుతూ వచ్చాయనే వాదాన్ని ఇంగ్లండులో ఇంటింటి చర్చగా మార్చిన 'వెస్టిజెస్' అనే పుస్తకం 1844లో, రచయిత పేరు లేకుండా వచ్చింది. ఆ పుస్తకం గురించి తెలియగానే టెన్నిసన్ తన ప్రచురణకర్తకు రాసి తెప్పించుకున్నాడు. 118వ ఖండికలో మనలోని కోతినీ పులినీ చావనిచ్చి పైకి ఎదగమనే మాటకు ఆ కాలపు చర్చే నేపథ్యం. డార్విన్ ప్రతిపాదించిన ప్రకృతి వరణం, అంటే పరిసరాలకు తగిన ప్రాణులే మిగిలి సంతతిని పెంచుకుంటాయన్న సూత్రం, ఈ కావ్యంలో ఎక్కడా లేదు. కవి భయం వేరు. ఒక మనిషి చనిపోతే జాతి మిగులుతుందన్న ఊరట కూడా లేకపోతే, హాలమ్ అనే ఆ ఒక్కడి ప్రాణానికి సృష్టిలో విలువేమిటన్నదే ఆ భయం. డార్విన్ పేరు తగిలించగానే ఈ ప్రశ్న మాయమై, దాని స్థానంలో సైన్సుకూ మతానికీ కుస్తీపోటీ మిగులుతుంది.

"విశ్వాసం కోల్పోయాడు" అన్న రెండో సగం కూడా నిలబడదు. కావ్యానికి ముందుంచిన ప్రార్థన దైవపుత్రుడిని సంబోధిస్తూ మొదలై, నిరూపించలేని చోట నమ్ముతున్నామంటుంది. అలాగని చివరికి అంతా సర్దుకుందని రాయడం మరో గైడు మాట. 96వ ఖండికలో, సందేహం సైతాను బిడ్డ అంటున్న ఒక స్త్రీకి కవి జవాబిస్తూ, నిజాయితీగల సందేహంలో ఉన్న విశ్వాసం సగం మతసిద్ధాంతాలలో కూడా లేదంటాడు. ఈ కావ్యాన్ని మతకావ్యంగా నిలబెట్టేది దానిలోని విశ్వాసపు నాణ్యత కంటే సందేహపు నాణ్యతేనని కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్ తరువాతి కాలంలో అన్నది ఇందుకే.

కొన్నేళ్ళ క్రితం, తండ్రిని పోగొట్టుకుని నెల తిరగకుండానే తరగతికి వచ్చిన ఒక అమ్మాయి, ఈ కావ్యంపై సెమినార్ ఇవ్వలేనని చెప్పడానికి నా గదికి వచ్చింది. మాటల్లో తెలిసింది, ఆమె భయం సెమినార్ గురించి కాదు. దేవుడి మీద కోపం వస్తోందనీ, ఇంట్లో దీపం పెట్టబుద్ధి కావడం లేదనీ, అది పాపమేమోననీ దిగులు. నేను ఉపన్యాసమేమీ చెప్పలేదు. 7వ ఖండిక తీసి ఇచ్చాను. చనిపోయిన మిత్రుడి ఇంటి ముందు, లండన్ వీధిలో, నిద్రపట్టని కవి తెల్లవారుజామున నిలబడతాడు. ఒకప్పుడు ఎవరి చేతి కోసం గుండె కొట్టుకునేదో ఆ చేయి ఇక లేదు. దొంగలా తలుపు దగ్గరికి చేరతాడు. ముసురులో, బోసిపోయిన వీధి మీద తెల్లవారుతుంది. దేవుడి ఊసు లేని ఆ పన్నెండు పాదాలను ఆమె అక్కడే రెండుసార్లు చదివి, పుస్తకం తీసుకువెళ్ళింది. సెమినార్ తరువాతి నెలలో ఇచ్చింది. అలాంటివారికి నేను చెప్పేది ఒకటే: అదే కావ్యంలో క్రిస్మస్ పండుగ మూడుసార్లు వస్తుంది, మొదటిసారి ఆ ఇంట్లో పండుగ చేసుకోవడమే భారమవుతుంది, ఆ భారాన్ని కవి ఎక్కడా దాచలేదు.

మిగిలినవి క్లుప్తంగా.

అపోహ: అసలు ప్రేమించకపోవడం కంటే ప్రేమించి పోగొట్టుకోవడమే మేలన్న టెన్నిసన్ ప్రసిద్ధ వాక్యం విఫల ప్రేమికులది. వాస్తవం: అది 'ఇన్ మెమోరియమ్' 27వ ఖండికలోది, మరణించిన మిత్రుడి గురించినది. శుభలేఖల మీదా, వాట్సాప్ స్టేటస్‌లలోనూ దానిని చూసిన ప్రతిసారీ నాకు చిరాకు వేస్తుంది.

అపోహ: అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్‌సన్ మృత్యు కవితలు పిల్లల మనసు పాడుచేస్తాయి. వాస్తవం: ఈ ఆందోళనతో ఫోన్ చేసే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. కానీ ఆమె అందరికంటే ప్రసిద్ధమైన కవితలో మృత్యువు మర్యాద తెలిసిన పెద్దమనిషిలా బండి కట్టుకుని వస్తాడు. ఆ బండి ఆడుకుంటున్న బడిపిల్లలనూ పండిన చేలనూ దాటి నింపాదిగా వెళుతుంది. ఆమె 1886లో మరణించాక, 1890లో సంపాదకులు ఒక చరణం తొలగించి మరీ దానిని అచ్చువేశారు.

అపోహ: ఎమిలీ బ్రాంటీ నవల 'వదరింగ్ హైట్స్' (1847) ప్రతీకారం నెగ్గిన కథ. వాస్తవం: రెండు కుటుంబాల ఆస్తీ చేతికి వచ్చాక, శత్రువుల పిల్లలను నాశనం చేయడానికి అడ్డేమీ లేని సమయంలో, 33వ అధ్యాయంలో, పగ పట్టిన కథానాయకుడు హీత్‌క్లిఫ్ తనకు వాళ్ళ నాశనాన్ని ఆనందించే శక్తే పోయిందంటాడు. సినిమాలు చూసి జవాబు రాసేవారికి ఈ అధ్యాయం కనబడదు.

అపోహ: ప్రతీకార కథలో "నేను" అన్నవాడు రచయితే. వాస్తవం: ఆంగ్ల కవి బ్రౌనింగ్ కవిత 'పార్ఫిరియాస్ లవర్' (1836)లో ప్రియురాలిని ఆమె జుట్టుతోనే చంపినవాడు, దేవుడు ఇంతవరకు ఒక్క మాట అనలేదంటాడు. ఆ మాట హంతకుడిది, దానిని వింటున్న మనకు వణుకు పుట్టించడం కవి పని. ఎడ్గార్ అలన్ పో కథ 'ద కాస్క్ ఆఫ్ అమాంటిలాడో' (1846)లో, తనను అవమానించిన ఫార్చునాటోను సజీవంగా గోడలో పెట్టి మూసేసే మాంట్రెసర్ కూడా అటువంటివాడే. గోడ కడుతుండగా లోపలి నుంచి దేవుడి ప్రేమ కోసమైనా వదలమని ఫార్చునాటో అరిస్తే, అవును, దేవుడి ప్రేమ కోసమే అని బదులిస్తాడు. అర్ధశతాబ్దం గడిచాక ఆ కథను ఎవరికో చెబుతున్నాడు. అది ఒప్పుకోలో, గొప్పలు చెప్పుకోవడమో తరగతిలో ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఇక అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న, ఫార్చునాటో చేసిన అవమానం ఏమిటన్నది. కథలో అది ఎక్కడా లేదు. గైడులో ఏ కారణం అచ్చయి కనబడినా అది గైడు రాసినవారి సొంత కల్పనే.